పిల్లలకి వేసవి పాటలు, హెచ్చరించే సైన్స్ కథలు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. ఈ సెలవుల్లో మా మేడ మీద రోజూ సాయంత్రం చుట్టుపక్కల పిల్లలకి ఒక పాట, ఒక సైన్స్ కథ వినిపిద్దామనుకుంటున్నాను. అందరూ 10 నుంచి 14 ఏళ్ల వాళ్లు. పొద్దస్తమానం ఫోన్లలోనే ఉంటున్నారు, చూస్తుంటే బాధగా ఉంది.

మొదటి రోజుది కుదిరింది. 1961లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఐబీఎం 704 కంప్యూటర్ చేత ‘డైసీ బెల్’ అనే పాత సైకిల్ పాట పాడించారు. 1968లో వచ్చిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ సినిమాలో, మనుషుల ప్రాణాలు తీసిన హాల్ అనే కంప్యూటర్‌ని ఆపేస్తుంటే అది కూడా ఇదే పాట పాడుతుంది. గొంతు మెల్లమెల్లగా మందగిస్తుంది. నాకైతే భయం కన్నా జాలే ఎక్కువ వేసింది. పదేళ్ల పిల్లలకి ఈ సీన్ చూపించొచ్చంటారా?

తెలుగులో మాత్రం నాకు ‘ఆదిత్య 369’ దాటి ఏదీ తట్టడం లేదు. అందులో రేడియేషన్‌కి భయపడి భూమి కింద బతికే మనుషుల్ని చూపించారు కదా, అలాంటి కథలు కావాలి. యంత్రాలంటే భయం పుట్టించడానికి కాదు, ప్రశ్నించడం అలవాటవ్వాలని.

అలాగే ముంజలు, మామిడికాయలు, ఆరుబయట మంచాలు గుర్తుకొచ్చే పాటల్లో మీకు బాగా ఇష్టమైనది ఒకటి చెప్పండి. పిల్లలు కలిసి పాడుకోగలిగేదైతే ఇంకా మంచిది.