ప్రొక్లెయిన్ లివర్లు పట్టే చేతికి గేములో గురి కుదరడం లేదు. కొత్త కంట్రోలర్ కొనాలా?

చీమకుర్తి ఆపరేటర్

నేను క్వారీలో ప్రొక్లెయిన్ ఆపరేటర్‌ని. 9 ఏళ్లుగా రెండు చేతుల్లో రెండు లివర్లు. గెలాక్సీ గ్రానైట్ బ్లాకు అంచు పగలకుండా బకెట్ పళ్లు ఎక్కడ ఆనించమంటే అక్కడ ఆనిస్తా. గొప్పకు చెప్పడం లేదు, మూల విరిగితే తిట్లు నాకే కాబట్టి నేర్చుకున్నా.

అలాంటోణ్ని, టీవీకి పెట్టి ఆడే సోనీ గేము పెట్టె పీఎస్5 ముందు కూర్చుంటే ఎందుకూ పనికిరాను. ఎదుటోడి తల మీదికి గురి తేబోతే అవతలికి దాటిపోతుంది. వెనక్కి లాగితే ఇవతలికి వచ్చేస్తుంది. ఈలోపు వాడు నన్ను లేపేస్తాడు. ఒంగోల్లో ఇంటర్ చదివే మా అక్క కొడుకు కంప్యూటర్లో మౌస్‌తో ఆడతాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు నా ఆట చూసి "మామా, నువ్వు వాడి తల చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నావు" అన్నాడు. పైకి నవ్వా గానీ లోపల కాలింది.

దానికి తోడు కంట్రోలర్ మీద బొటనవేళ్లతో నెట్టే రెండు స్టిక్కుల్లో ఎడమది ముట్టుకోకపోయినా పక్కకు లాగుతోంది. ఒక షాపులో ఇస్తే స్ప్రే కొట్టి 400 తీసుకున్నారు. 12 రోజులు బాగుంది, మళ్లీ మొదలు.

హాల్ ఎఫెక్ట్ అంటున్నారు, టీఎంఆర్ అంటున్నారు, పొడుగు స్టిక్కులు, వెనక బటన్లు, గైరో... వీటిలో గురికి నిజంగా పనికొచ్చేది ఏది? వాడినోళ్లు చెప్పండి.

కావలి రిపేరు

అన్నా, నువ్వు రెండు జబ్బులు కలిపేశావు. స్టిక్ లాగడం వేరు, గురి తప్పడం వేరు.

నీ కంట్రోలర్ స్టిక్ కింద ఉండేది పొటెన్షియోమీటర్. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పేదానికి తమ్ముడనుకో. కార్బన్ పూత మీద సన్నటి లోహపు ముక్క రాసుకుంటూ తిరుగుతుంది. ఎక్కువ రాసుకున్న చోట పూత అరుగుతుంది, అప్పుడు స్టిక్ నడిమధ్యలో ఉన్నా పక్కకు నెట్టినట్టు లెక్క తప్పుగా వస్తుంది. స్ప్రే మురికిని కడుగుతుంది, అరిగినదాన్ని తెచ్చివ్వదు. నీకు రాతి దుమ్ము అదనం.

హాల్ ఎఫెక్ట్‌లో అయస్కాంతం, దాన్ని దూరం నుంచే పసిగట్టే సెన్సర్ ఉంటాయి. ఒకదానికొకటి తగలవు కాబట్టి ఆ అరుగుడు లేదు. కొత్తదేం కాదు, 1998లో వచ్చిన సెగా వాళ్ల గేము పెట్టె డ్రీమ్‌కాస్ట్ స్టిక్ ఇదే. టీఎంఆర్ కూడా అయస్కాంతం మీద నడిచేదే, కరెంటు ఇంకా తక్కువ తాగుతుంది. మన్నికకు రెండూ మంచివే. కానీ వాటితో గురి వచ్చేస్తుందని నేను చెప్పను.

ఒక మాట. ఆన్‌లైన్లో కనిపించే ప్రతి హాల్ కంట్రోలరూ పీఎస్5 గేములకు పనిచేస్తుందనుకోకు. చూసుకోకుండా కొని నా దగ్గరికి తెచ్చి ఏడ్చినోళ్లు ఉన్నారు. సోనీ 2023లో తెచ్చిన డ్యుయల్‌సెన్స్ ఎడ్జ్ అనే కంట్రోలర్‌లో స్టిక్ ముక్క ఊడదీసి కొత్తది పెట్టుకోవచ్చు, కానీ అంత రేటు పెట్టినా లోపల పాత పొటెన్షియోమీటరే.

పెన్నా గట్టు

ఏంది సామీ ఇంత చర్చ? స్టిక్ నెడితే గురి ఎంత వేగంగా కదలాలో చెప్పే సెట్టింగు, అదే సెన్సిటివిటీ, తగ్గించుకుని రోజూ అరగంట ఆడు, అదే వస్తుంది.

నెల్లూరు గైరో పిల్ల

పైన చెప్పినాయన మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం మీ మిషన్‌తోనే చెప్తా అన్నా.

లివర్ సగం నెడితే బూమ్ సగం ఎత్తుకు వెళ్లి ఆగదు కదా? సగం వేగంతో లేస్తూనే ఉంటుంది, మీరు వదిలితేనే ఆగుతుంది. గేము స్టిక్ కూడా అంతే, అది గురికి చోటు చెప్పదు, వేగం చెబుతుంది. మౌస్ చోటు చెబుతుంది, చెయ్యి ఎంత జరిగితే గురి అంత జరుగుతుంది. మీ మేనల్లుడికి ఉన్న సుఖం అదే. క్వారీలో మీకెందుకు కుదురుతోందంటే, బ్లాకు పరిగెత్తదు.

గైరో అంటే కంట్రోలర్ లోపలి కదలిక సెన్సర్, అది మౌస్ లాంటిది. కంట్రోలర్‌ని చేతుల్లో ఎంత తిప్పితే గురి అంతే తిరుగుతుంది. స్టిక్‌తో మనిషి దగ్గరిదాకా వెళ్లి, చివరి వేలెడు దూరం మణికట్టుతో సర్దుకోవాలి. దీనికి కొత్తది కొనక్కర్లేదు, మీ చేతిలో ఉన్నదాంట్లోనే ఉంది. సోనీ 2006లో పీఎస్3తోనే కదలిక సెన్సర్ మొదలుపెట్టింది. ఎక్స్‌బాక్స్ వాళ్ల సొంత కంట్రోలర్‌లో లేదు, అదే వాళ్ల లోటు. చిక్కల్లా గేము ఒప్పుకోవాలి. పీఎస్5లో ఫోర్ట్‌నైట్ అనే కాల్పుల గేముకు 2022 నుంచి ఉంది. అందులో ఫ్లిక్ స్టిక్ కూడా పెట్టారు, స్టిక్ ఏ దిక్కుకు నెడితే మనిషి ఠక్కున ఆ దిక్కుకు తిరుగుతాడు. జిబ్ స్మార్ట్ అనే ఆయన ఆలోచన అది. నాకు మాత్రం కళ్లు తిరిగాయి, మానేశా.

మొదట గురిపెట్టే ఎల్2 బటన్ నొక్కినప్పుడే గైరో పనిచేసేలా పెట్టుకోండి. కొన్ని గేముల్లో గైరో వాడితే గేమిచ్చే గురి సాయం తగ్గుతుంది, మొదటి వారం ఇంకా ఘోరంగా ఓడిపోతారు. నేను ఏడ్చినంత పని చేశా.

పొడుగు స్టిక్కూ మంచిదే. అంతే వంపుకు వేలు ఎక్కువ దూరం జరగాలి కాబట్టి సన్నటి కదలిక చేతికి అందుతుంది. కుడివైపుకి మాత్రం వేయండి. వెనక బటన్లు గురిని పెంచవు, దూకేటప్పుడు బొటనవేలు స్టిక్ మీదే ఉండటానికి తప్ప.

చీమకుర్తి ఆపరేటర్

గైరో పెట్టుకుని 11 రోజులైంది, చెబుదామని వచ్చా. మొదటి మూడు రోజులు గురి వణికింది. పొద్దంతా మిషన్ మీద ఊగి వచ్చిన చెయ్యి అది. ఒళ్లో దిండు పెట్టుకుని మోచేతులు ఆనిస్తే నిలబడింది. నిన్న కిటికీలో తల మాత్రం కనిపిస్తున్నవాణ్ని రెండో గుండుకే కొట్టా. అక్క కొడుక్కి వీడియో పంపితే "ఎవరాడారు మామా?" అని అడిగాడు వెధవ.

సెట్టింగుల్లో కనిపించే డెడ్‌జోన్ అంటే లివర్ నడుమ ఉండే లూజేనని ఇప్పుడు అర్థమైంది. ఎడమ స్టిక్‌కి అది పెంచితే లాగడం ఆగింది. కుడిదానికి పెంచలేదు, గురి మొద్దుబారుతుందని.

కావలి తమ్ముడూ, పాతది పీకి హాల్ స్టిక్ సోల్డరింగ్ చేసి, నడుమ సరిచేసి ఇవ్వడానికి ఎంత తీసుకుంటావు? ఆదివారం మాకు సెలవు, వస్తా.