పాత ప్రియస్‌కు 2,000 డాలర్లు ఎక్కువ పెట్టవచ్చా?

డాలస్‌లో ఆఫీసుకు వెళ్లి రావడానికి 2008 నాటి టొయోటా ప్రియస్ ఒకటి చూశాను; ఇది పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీతో తిరిగే మోటారు కూడా ఉన్న హైబ్రిడ్ కారు. అదే వయసున్న మామూలు పెట్రోలు కార్ల కంటే దీనికి 2,000 డాలర్లు ఎక్కువ అడుగుతున్నారు. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగే నాకు, గ్యాలనుకు 46 మైళ్లిచ్చే ఈ కారు 30 మైళ్లిచ్చే కారుతో పోలిస్తే దాదాపు 140 గ్యాలన్లు మిగులుస్తుంది. గ్యాలను 3 డాలర్లు అనుకుంటే, ఆ అదనపు ధర రాబట్టుకోవడానికి ఐదేళ్లకు దగ్గరగా పడుతుంది. 2006లో కొత్త ప్రియస్ కొన్నవారికి 3,150 డాలర్ల దాకా పన్ను రాయితీ దక్కింది కాబట్టి వారి లెక్క వేరు.

నా అసలు సందేహం బ్యాటరీ గురించి. ఇందులోని 28 నికెల్ మెటల్ హైడ్రైడ్ మాడ్యూళ్లలో (బ్యాటరీలోని చిన్న విభాగాల్లో) ఒక్కటి చెడినా మొత్తం బ్యాటరీ ప్యాక్ మొరాయిస్తుందని, వెనుక సీటు పక్కనున్న గాలి జాలీ మూసుకుపోతే వేడెక్కి దాని ఆయుష్షు తగ్గుతుందని చదివాను. నేను చూసిన కారులో ఆ జాలీ నిండా కుక్క వెంట్రుకలు పేరుకుని ఉన్నాయి! అమ్మే ఆయన మాత్రం చెడిన మాడ్యూళ్లను ఈమధ్యే మార్పించానని గొప్పగా చెబుతున్నారు. మిగిలినవి పాతవే కదా అని నా అనుమానం.

టెక్సస్ ఎండల్లో ఇలాంటి కారు నడిపినవారు దయచేసి చెప్పండి: కొనేముందు మెకానిక్‌తో బ్యాటరీని ఎలా పరీక్ష చేయించాలి? కొత్త ప్యాక్ ఖర్చును ధరలో తగ్గించమని అడగడం సమంజసమేనా?