బార్బేరియన్లు ఇంకా ఒక క్లబ్బేనా, జెర్సీ మాత్రమే మిగిలిందా?

పాతబంతి (చర్చ ప్రారంభం)

సొంత మైదానం, భవనం, సభ్యత్వ రుసుము ఏవీ లేని రగ్బీ క్లబ్బు బార్బేరియన్స్. ఆహ్వానం అందుకుని ఆడినవాడే అక్కడ సభ్యుడు. 1890లో బ్లాక్‌హీత్ క్లబ్బు ఆటగాడు పెర్సీ కార్ప్‌మేల్ ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో రాత్రి భోజనాల వేళ మిత్రుల ముందు పెట్టిన ఆలోచన ఇది. అప్పట్లో చాలా క్లబ్బులకు మార్చి మొదట్లోనే ఆటల కాలం ముగిసిపోయేది కనుక, వేర్వేరు క్లబ్బుల వారిని ఒక జట్టుగా చేర్చి చిన్న పర్యటనలకు తీసుకువెళ్లాలని ఆయన అనుకున్నాడు. ఆ ఏడాది డిసెంబరు 27న హార్టిల్‌పూల్ రోవర్స్ మీద 9-4తో తొలి మ్యాచ్ గెలిచారు.

ఈ క్లబ్బుకు ప్రాణం పర్యటనేనన్నది నా వాదన. ఈస్టర్ వచ్చిందంటే దక్షిణ వేల్స్‌లో గుడ్ ఫ్రైడే నాడు పెనార్త్‌తో, శనివారం కార్డిఫ్‌తో, సోమవారం స్వాన్సీతో, మంగళవారం న్యూపోర్ట్‌తో ఆడేవారు. మధ్యలో ఆదివారం గోల్ఫ్‌కు కేటాయించుకునేవారు. పెనార్త్ వంటి చిన్న ఊరి క్లబ్బు 1901 నుంచి 1986 వరకు అంతర్జాతీయ ఆటగాళ్లకు ఆతిథ్యమిచ్చింది. 1995లో రగ్బీ వృత్తి క్రీడగా మారిన తరువాత జీతమిచ్చే క్లబ్బు తన ఆటగాణ్ణి సరదా మ్యాచ్‌లకు ఎందుకు పంపుతుంది? ఈస్టర్ పర్యటన పోయింది. ఇప్పుడు కొద్ది రోజుల ముందు ఒక హోటల్లో కలుసుకుని, పెద్ద స్టేడియంలో ఒక దేశపు జట్టుతో ఆడి, ఎవరి దారిన వారు వెళ్లిపోతున్నారు. జెర్సీ మీది ఆ నలుపు తెలుపు చారలను చూసి క్లబ్బు బతికే ఉందనుకోవడం, పెళ్లివారు వెళ్లిపోయాక పందిరిని చూసి పెళ్లి జరుగుతోందనుకోవడం వంటిది.

ఎనిమిదో నంబరు

పాతబంతి గారూ, పందిరి పోలిక బాగుంది గాని, మీ తేదీలే మీ వాదనకు అడ్డు వస్తున్నాయి. పెనార్త్ మ్యాచ్ ఆగిపోయింది 1986లో అని మీరే రాశారు. వృత్తి క్రీడ వచ్చింది ఆ తరువాత తొమ్మిదేళ్లకు. రెండు జట్ల స్థాయిలో అంతరం బాగా పెరిగిపోవడమే అక్కడ అసలు ఇబ్బంది. మరోవైపు, మొదటి ప్రపంచ యుద్ధంలో 1917లో మరణించిన రగ్బీ ఆటగాడు ఎడ్గర్ మాబ్స్ స్మారకంగా, ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మిడ్‌లాండ్స్ ప్రాంతపు జట్టుతో 1921లో మొదలైన మ్యాచ్‌ను బార్బేరియన్లు 2011 వరకు ఆడారు. జీతాలే అన్నింటినీ చంపేస్తే అది పదహారేళ్లు ఎలా నిలిచింది?

మీరు తక్కువ చేస్తున్న ‘పెద్ద స్టేడియం మ్యాచ్’ కూడా ఎవరో గీసిన ప్రణాళిక కాదు. 1948లో ఆస్ట్రేలియా జట్టు ఉత్తర అమెరికా మీదుగా ఇంటికి వెళ్లడానికి డబ్బు చాలనందువల్ల, నిధుల కోసం కార్డిఫ్‌లో ఒక మ్యాచ్ ఏర్పాటు చేశారు. బార్బేరియన్లు 9-6తో గెలిచారు. దారి ఖర్చుల కోసం ఆడిన ఆ ఒక్క ఆటే పెద్ద పర్యాటక జట్లకు వీడ్కోలు మ్యాచ్‌గా స్థిరపడింది. సంప్రదాయం అనేది ఈ క్లబ్బులో మొదటి నుంచీ ఇలా అవసరం కొద్దీ పుట్టిందే.

చివరి వరుస

మీరిద్దరూ పర్యటనల గురించి మాట్లాడుతుంటే నాకు ఈ క్లబ్బు నినాదం గుర్తుకొస్తోంది. బార్బేరియన్ల తరఫున ఆడి, తరువాత దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటైన్‌కు బిషప్ అయిన వాల్టర్ కేరీ చెప్పిన మాట సారాంశం ఇది: రగ్బీ అన్ని తరగతుల మర్యాదస్తుల ఆట, ఏ తరగతిలోనైనా క్రీడాస్ఫూర్తి లేనివారికి మాత్రం కాదు. అంత మాట అన్న క్లబ్బు 1958లో దక్షిణాఫ్రికాకు పర్యటనకు వెళ్లింది. 1970 జనవరి చివర్లో వర్ణవివక్ష వ్యతిరేక నిరసనల మధ్య తెల్లవారితోనే నిండిన దక్షిణాఫ్రికా జట్టుతో లండన్‌లోని ట్వికెన్‌హామ్ మైదానంలో ఆడింది. ‘అన్ని తరగతులు’ అన్నప్పుడు అందులో వర్ణం లెక్కలోకి రాలేదన్నమాట. పాత రోజులను పొగిడేవారు ఈ పుటను తిప్పేసి ముందుకు వెళ్లకూడదు.

ఇక ‘గెలుపు కోసం కాక ఆట అందం కోసం ఆడతారు’ అనే ప్రచారం సంగతి. 1961లో దక్షిణాఫ్రికాను 6-0తో ఓడించినప్పుడు బార్బేరియన్లు బంతిని చేతులు మార్చుకుంటూ పరుగులు తీయలేదు; ముందువరుసల బలంతో, గట్టి టాకిళ్లతో (బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టడంతో) ఆటను బిగించి గెలిచారు. ఆ పర్యటన మొత్తంలో దక్షిణాఫ్రికాకు అదొక్కటే ఓటమి. 1973లో న్యూజిలాండ్‌ను 23-11తో ఓడించిన జట్టులోనూ ఎక్కువ మంది రెండేళ్ల ముందు అదే న్యూజిలాండ్ మీద సిరీస్ గెలిచిన లయన్స్ (బ్రిటన్, ఐర్లండ్‌ల ఉమ్మడి జట్టు) సభ్యులే. ఆ మ్యాచ్‌లో గారెత్ ఎడ్వర్డ్స్ చేసిన ట్రై (బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనించి సాధించే స్కోరు) గురించి ఎంత చెప్పుకున్నా తనివి తీరదు గాని, అది అప్పటికప్పుడు కలిసిన పరిచయస్తుల ఆట మాత్రం కాదు.

ఎనిమిదో నంబరు

1970 గురించి మీరన్నదానికి నా దగ్గర సమాధానం లేదు, వెతకను కూడా. 1973 జట్టు విషయంలో మాత్రం ఒక పేరు చేర్చాలి. అప్పటికి ఏ దేశం తరఫునా ఆడని ఆటగాడు కనీసం ఒక్కరైనా జట్టులో ఉండాలన్నది బార్బేరియన్ల ఆనవాయితీ. ఆ మధ్యాహ్నం కార్డిఫ్‌లో ఆ స్థానం లాక్‌గా (స్క్రమ్ రెండో వరుసలో నిలిచే పొడుగాటి ఆటగాడిగా) ఆడిన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు బాబ్ విల్కిన్సన్‌ది. ఇంగ్లండ్ తరఫున అతను తరువాతే ఆడాడు. అంత పెద్ద మ్యాచ్‌లోనూ ఆ చోటును ఖాళీ చేయించలేదంటే ఆనవాయితీకి విలువ ఉన్నట్టే కదా.

తెల్లచార

నేను ఈ క్లబ్బు ఆటలను చూడడం మొదలుపెట్టింది 2017లో. ఆ నవంబరులో ఐర్లండ్‌లోని లిమరిక్‌లో, థోమండ్ పార్క్‌లో బార్బేరియన్ల మహిళల జట్టు మొదటిసారి ఆడి అక్కడి ప్రాంతీయ జట్టు మన్‌స్టర్‌ను 19-0తో ఓడించింది. 127 ఏళ్లు ఆలస్యమైంది, అది వేరే సంగతి. పాతబంతి గారి లెక్క ప్రకారం ఈ క్లబ్బు 1990లలోనే పోయి ఉంటే, ఆ మహిళలు తొడుక్కున్న జెర్సీ దేనిది?

పైగా మేజోళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. జెర్సీ అందరికీ ఒకటే, మేజోళ్లు మాత్రం ఎవరి క్లబ్బువి వారివి. మైదానంలో పదిహేను మంది కాళ్లు చూస్తే పదిహేను ఊళ్లు కనిపిస్తాయి.

పాతబంతి

1986 గురించి ఎనిమిదో నంబరు గారు చెప్పింది నిజం. కారణాన్ని ఒక్క జీతాల మీదకే నెట్టడం నా పొరపాటు. మహిళల జట్టు విషయంలోనూ తెల్లచార గారి ప్రశ్నకు తలవంచుతున్నాను.

అయితే 2020 అక్టోబరును మరిచిపోలేను. కొవిడ్ నియమాలను ఉల్లంఘించి హోటల్ దాటి వెళ్లిన బార్బేరియన్ ఆటగాళ్ల వల్ల ఇంగ్లండ్‌తో జరగవలసిన మ్యాచ్ రెండు రోజుల ముందు రద్దయింది. ఈ క్లబ్బులో ఆహ్వానానికి మొదటి నుంచీ రెండే షరతులు: ఆట బాగుండాలి, మైదానంలోనూ బయటా నడవడి బాగుండాలి. పెనార్త్‌లో నాలుగైదు రోజులు ఒకే చోట బస చేసిన జట్టులో పెద్దలు కుర్రవాళ్లను ఒక కంట కనిపెట్టేవారు. వారం రోజులకు పోగైన జట్టులో ఆ పని ఎవరిది?

తెల్లచార

పెనార్త్‌లో ఆ రాత్రులు ఎవరూ హోటల్ దాటలేదనేనా మీ నమ్మకం? అప్పుడు రద్దు చేయడానికి కొవిడ్ లేదు, అంతే.