గుండె చార్టు ఎట్టా గీస్తే పిల్లలకి ఎక్కుద్ది?

కావలి టీచరమ్మ: పదో తరగతికి గుండె చార్టు గీస్తా ఉండా, భాగాలకి నంబర్లేసి పేర్లు పక్కన లిస్టుగా రాద్దామని, సరిపోద్దా?

ఒంగోలు బయాలజీ: నంబర్లు వద్దు మేడం, బొమ్మకీ లిస్టుకీ మధ్య తిరగడానికే బుర్రంతా అయిపోద్ది, పిల్లలు ఎట్టా నేర్చుకుంటారో పరిశోధించిన సైకాలజిస్టు జాన్ స్వెల్లర్ వాళ్ళు స్ప్లిట్ అటెన్షన్ (ధ్యాస రెండు చోట్లకి చీలిపోవడం) అనేది దీన్నే. ఏ గది పేరు ఆ గదిలోనే రాయండి. రంగులు రెండు చాలు, ఆక్సిజన్ ఉన్న రక్తం ఎరుపు, తక్కువున్నది నీలం. గుండె నుంచి ఊపిరితిత్తులకి ఆక్సిజన్ తక్కువున్న రక్తం తీసుకెళ్ళే పుపుస ధమని నీలమేనండోయ్, ధమని కదా అని ఎరుపేస్తారు చాలామంది! అట్టాగని నిజంగా రక్తం నీలంగా ఉండదని కూడా చెప్పాల, లేకపోతే అదే నమ్మేస్తారు.

కందుకూరు సారు: అంతా ఒక్కసారే చూపించబాకండి, ముందు కుడి సగం, ఊపిరితిత్తులు, తర్వాత ఎడమ. ప్రొజెక్టర్ అయితే స్లైడ్ మీదున్న వాక్యాలే మళ్ళీ చదవబాకండి, బొమ్మ చూపిస్తా నోటితో చెప్పండి.

కావలి టీచరమ్మ: మరి ఎడమ గది బొమ్మలో కుడిపక్క వస్తది కదా సార్?

కందుకూరు సారు: మనిషి ఎదురుగా నిలబడినట్టు గీస్తాం గదా, పైన ‘కుడి’ ‘ఎడమ’ అని రాసెయ్యండి.