ఇన్సూరెన్స్ ఉందంటే బిల్లు ఎందుకు పెరుగుతుంది?

గుంటూరు_అబ్బాయి:
పోయిన నెల మా అమ్మకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. కౌంటర్‌లో మొదటి ప్రశ్నే "క్యాషా, ఇన్సూరెన్సా?" క్యాష్ అయితే 65 వేలని చీటీ మీద రాశారు. కార్డు చూపించగానే అది కొట్టేసి, పక్కనే 1,10,000 వేశారు. డాక్టరు ఆయనే, ఆపరేషన్ అదే.

మా పాలసీ 3 లక్షలు. రూమ్ రెంట్ పరిమితి అందులో 1 శాతం, అంటే రోజుకి 3,000. వాళ్ళేమో "ఇన్సూరెన్స్ ఉందిగా" అని 6,000 గది ఇచ్చారు. గది తేడా ఒక్కటే మేం కట్టాలి అనుకున్నా. తీరా చూస్తే సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటర్ చార్జీ అన్నిట్లో ఇన్సూరెన్స్ కంపెనీ సగం కోసేసింది. పొద్దున డిశ్చార్జ్ అన్నారు. రాత్రి 8 దాకా అమ్మ చీర మార్చుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చునే ఉంది. 41 వేలు అప్పు తెచ్చి కట్టాను. ఇదేం పద్ధతండీ?

పాత_టీపీఏ_డెస్క్:
ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే టీపీఏ డెస్క్‌లోనే ఆరేళ్ళు పనిచేశానండి. చాలా ఆసుపత్రుల్లో గది స్థాయిని బట్టి సర్జన్ ఫీజు కూడా పెరుగుతుంది, అందుకే పరిమితికి రెట్టింపు గది తీసుకుంటే సగం కోత. అయితే మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద అది వేయకూడదు. ఐసీయూకీ వర్తించదు. గదిని బట్టి రేట్లు మారని ఆసుపత్రి అయితే అసలు కోతే ఉండకూడదు. బీమా కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధనలివి. 2024 నుంచి డిశ్చార్జ్ అనుమతి కూడా కంపెనీ 3 గంటల్లో ఇవ్వాలి. బిల్లు వరసవారీగా చూడండి. ముందు కంపెనీకి రాయండి. నెలలో తేల్చకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే హైదరాబాద్ ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్ళండి, ఫీజు లేదు.

తెనాలి_కోడలు:
మా మామగారికి 2016లో గుండె రక్తనాళంలో స్టెంట్ వేస్తే దానికే 1,20,000 తీసుకున్నారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంట్‌కి సుమారు 29,600 పరిమితి పెట్టింది. మరి అన్నాళ్ళూ మేం కట్టింది దేనికి? గదికీ, ఆపరేషన్‌కీ అలాంటి పరిమితి లేదు. రోగి జేబులోంచి పోదులే అని రేటు వేస్తారు, కంపెనీ ప్రీమియం పెంచుతుంది. మాకు ఈ ఏడు 9 వేలు పెరిగింది.

గుంటూరు_అబ్బాయి:
అన్నా, ఇప్పుడే బిల్లు తీశా. స్కానింగ్ 4,200లో 2,100 కోశారు. రక్తపరీక్షలూ అంతే. రేపు పొద్దున్నే మెయిల్ పెడుతున్నా.