విడిగా ఉంటున్నా జీతం ఆయన చేతిలోనే, ఇప్పుడు డ్యూటీ దగ్గరికి వస్తున్నాడు

ప్రశ్న (తెనాలి అమ్మాయి):
అక్కలూ, నేను గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. జీతం 18 వేలు. పడేది జాయింట్ అకౌంట్‌లో. ఏటీఎం కార్డు మా ఆయన దగ్గర, ఓటీపీలు ఆయన ఫోన్‌కే. నా నానుతాడు, గాజులు ఆయన పేరు మీద తాకట్టులో ఉన్నాయి. దెబ్బలు భరించలేక పాపని తీసుకుని అమ్మ దగ్గరికి వచ్చేశాను. ఆ ఇంట్లో ఉన్నప్పటికంటే ఇప్పుడే ఎక్కువ భయమేస్తోంది. డ్యూటీ దిగే టైముకి గేటు దగ్గర నిలబడతాడు. మొన్న అందరి ముందూ చెయ్యి మెలిపెట్టి "ఉద్యోగం ఉందనేగా నీకీ పొగరు" అన్నాడు. అమ్మ ఉద్యోగం మానేయమంటోంది. మానేస్తే పాప ఫీజు ఎవరు కడతారు? జీతం ఉంటే భరణం రాదంటున్నారు, నిజమేనా?

ఒంగోలు లాయర్:
నిజం కాదమ్మా. భార్యకు సంపాదన ఉన్నంత మాత్రాన భరణం ఆగదని 2020లో రజ్నేష్, నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సంపాదన సరిపోతుందా లేదా అన్నదే చూస్తారు. ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ (ప్రమాణ పత్రం) వేయాలి. కానీ ముందు గేటు సంగతి. 2005 గృహహింస చట్టం సెక్షన్ 18 కింద మీ పనిచోటుకి రావద్దని, ఫోన్ చేయొద్దని, జాయింట్ అకౌంట్ ముట్టొద్దని మేజిస్ట్రేట్ ఆర్డర్ ఇవ్వొచ్చు. మీరిప్పుడు విడిగా ఉన్నా ఈ చట్టం వర్తిస్తుంది. అత్యవసరమైతే ఆయన వాదన వినకముందే మధ్యంతర (తాత్కాలిక) ఆర్డర్ ఇవ్వొచ్చు. ఆ ఆర్డర్ మీరితే ఆయనకు ఏడాది వరకు జైలు, లేదా 20 వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా లాయర్‌ని పెడతారు.

నెల్లూరు అక్క:
చెల్లీ, నేనూ ఇది దాటి వచ్చినదాన్నే. వేరే బ్యాంకులో, నీ ఒక్కదాని పేరున, నీ సొంత నంబరుతో అకౌంట్ తెరువు. పాత బ్యాంకులో వద్దు, అక్కడి మేనేజర్‌కి ఆయన తెలిసుండొచ్చు. ఈ నెల జీతం పడకముందే ఆఫీసులో అకౌంట్ మార్పు లెటర్ ఇచ్చెయ్. షిఫ్టు మార్చమని అడుగు, సెక్యూరిటీకి ఆయన ఫోటో చూపించు. గేటు కెమెరా ఫుటేజీ చెరిగిపోకముందే అడిగి ఉంచు. "చివరిసారి మాట్లాడుకుందాం రా" అంటే ఒంటరిగా అస్సలు వెళ్లకు. నన్ను అలా పిలిచే కొట్టాడు. మీదికొస్తే 112కి, సలహాకి 181కి ఫోన్ చెయ్యి.

తెనాలి అమ్మాయి:
లెటర్ ఇచ్చేశాను అక్కా. తాకట్టు రసీదు నా దగ్గర లేదు, బంగారం అడగొచ్చా?

ఒంగోలు లాయర్:
అడగొచ్చు. అది మీ స్త్రీధనం. తిరిగిమ్మని అదే గృహహింస చట్టం సెక్షన్ 19 కింద, అదే పిటిషన్‌లో కోరండి. పెళ్లి ఫోటోలు, బంగారం కొన్నప్పటి బిల్లులు మీ అమ్మగారి దగ్గర ఉంటే తీసుకెళ్లండి.