పచ్చళ్ల సైట్‌కి షేర్డ్ హోస్టింగ్ చాలా, వీపీఎస్ కావాలా?

మా అమ్మ గుంటూరులో పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. ఇన్నాళ్లూ ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. ఇప్పుడు వర్డ్‌ప్రెస్ (సైట్ తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్), దానికి ఆన్‌లైన్ షాపు జోడించే వూకామర్స్‌తో సైట్ పెడదామనుకుంటున్నాను. రోజుకి వంద మంది చూస్తే గొప్పే. కానీ మే నెలలో, కొత్తావకాయ రోజుల్లో, జనం ఒక్కసారిగా వస్తారు. షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునేది) తట్టుకుంటుందా? వీపీఎస్ (సర్వర్‌లో మనకంటూ విడిగా కేటాయించే భాగం) తీసుకుందామంటే సర్వర్ చూసుకోవడం నాకు రాదు.

అసలు టెన్షన్ రెన్యువల్ ధర. ఇంతకుముందు ఒకచోట నెలకి 99 రూపాయలే కదా అని తీసుకుంటే, మూడేళ్ల డబ్బు ముందే కట్టించుకుని, రెన్యువల్‌కి మూడింతలు అడిగారు! లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ (సైట్‌కి, చూసేవాళ్లకి మధ్య సమాచారం భద్రంగా వెళ్లేందుకు కావాల్సింది) ఉచితంగానే ఇస్తారు కదా, మరి హోస్టింగ్‌వాళ్లు దానికి విడిగా ఎందుకు వసూలు చేస్తున్నారు?

కొనేవాళ్లలో సగం మంది అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం ఇక్కణ్ణుంచి ఆర్డర్ పెట్టేవాళ్లే. కాబట్టి సర్వర్ ముంబైలో ఉంటే చాలనుకుంటున్నాను, సరేనా? ఏడాదికి 5,000 దాటకుండా, రోజూ బ్యాకప్ తీసే ప్లాన్ ఎవరైనా వాడుతుంటే చెప్పండి.